దిగువ తాడు

తూనీగలంక పంచాయతీ ఆ ఏడు చేసిన మొదటి తీర్మానం ఏమిటంటే, ఊళ్ళో చూడదగ్గది ఏదో ఒకటి ఉందని రుజువు చేయాలి. అది ఏదైనా సరే. గడువు జూలై నెలాఖరు.

సర్పంచి నూకరత్నం ఆ తీర్మానం చదివి వినిపించి, ఇక చెప్పండి అన్నట్టు సభ వైపు చూసింది. సభ అంటే పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చున్న పాతికమంది. ఒకాయన సూర్యాస్తమయం అన్నాడు. అది అన్ని ఊళ్ళలోనూ అవుతుందని ఇంకొకాయన కొట్టిపారేశాడు. చేపల పులుసు అన్నారు, ఏటి గాలి అన్నారు, మంచి మనుషులు అన్నారు. మంచి మనుషులు అన్నవాడే అయిదు నిమిషాల్లో పక్కవాడితో తగువుకి దిగాడు. కిందటేడు లంకకి వచ్చిన యాత్రికులు మొత్తం పదకొండుమంది. అందులో నలుగురు పొరపాటున వేరే పంటు ఎక్కినవాళ్ళు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. దాన్ని నడిపేది నూకరత్నం మొగుడు పోలయ్యే కాబట్టి ఆ మాటకి తిరుగులేదు.

నవ్వులాటలా ఉన్నా సంగతి నవ్వులాట కాదు. గోదావరి పాయ మధ్యలో, సముద్రానికి కాస్త ఎగువన ఉన్న ఆ లంక ఒకప్పుడు మూడు వందల ఎకరాలు. ఏటేటా వరద కోసుకుపోగా ఇరవై రెండెకరాల నేల, అరవై నాలుగు ఇళ్ళు మిగిలాయి. కోతకు గురవుతున్న లంకలన్నీ జూలై నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లంక జనాన్ని ఒడ్డున నాలుగు ఊళ్ళలో తలా కాసినిమందిగా సర్దుతారట. తూనీగలంక అన్న పేరు జాబితాలోంచి కొట్టేస్తారట. తప్పించుకోవడానికి ఒకటే సందు ఉంది. పర్యాటకం చూసే అధికారి ఒకాయన వచ్చి, ఇది చూడదగ్గ ఊరు, నిలవగల ఊరు అని రాసిచ్చాడా, ఊరు బతికినట్టే.

చూడదగ్గది అన్న మాటకే పాతికమంది పొద్దున్నుంచి గింజుకుంటున్నారు. నిలవగలది అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని వాళ్ళకి తెలుసు.

ఆ రెండో మాటకి జవాబు ఒక గేదెదూడ పట్టుకొచ్చింది.

మాఘమాసంలో ఒక పొద్దున నూకరత్నం అత్తగారు సూరాయమ్మ గట్టుమీద దూడని కట్టేసి ఇంట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి దూడా లేదు, గట్టూ లేదు. మంచమంత మేర నేల విరిగి ఏట్లో పడింది. ముసలామె గుండెలు బాదుకుంది. పోలయ్య పంటు వేసుకుని వెతకబోయాడు. మూడు మైళ్ళు దిగువన కనిపించింది దూడ. విరిగిన నేలముక్క మీదే నిలబడి, దాని మీది గడ్డి తాపీగా నములుతూ ఏటికి అడ్డంగా పోతోంది.

ఊరంతా దూడని చూసింది. పోలయ్య తమ్ముడు వీరభద్రం మాత్రం దూడని చూడలేదు. లాక్కొచ్చిన నేలముక్క కిందికి మునిగి, పైకి తేలి, మళ్ళీ మునిగి, చివరికి మూరెడు వేరొకటి చేత్తో పట్టుకుని, జుట్టు కళ్ళ మీద పడుతుంటే వదిన దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, మన ఊరు తేలుద్ది."

"మునుగుద్దని పైవాళ్ళంటన్నారు, తేలుద్దని నువ్వంటన్నావు. ఎవరో ఒకరు నిజం చెప్పండి బాబూ," అంది నూకరత్నం.

భద్రం ఒడ్డునున్న మొక్కల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. నాలుగేళ్ళ కిందట గట్టు కోతని ఆపుతానని చెప్పి లంకంతా ఒక కొత్తరకం వట్టివేరు నాటించాడు. కోత ఆగలేదు. ఎక్కడికక్కడ గట్లు విరుగుతూనే ఉన్నాయి, జనం నవ్వుతూనే ఉన్నారు. ఆ నాలుగేళ్ళూ ఊళ్ళో భద్రం కనబడితే చాలు, వేరు ఎలా ఉందని అడిగేవాళ్ళు. పెళ్ళిసంబంధాల వాళ్ళు కూడా అడిగారట.

వట్టివేరుకి లోతుకి దిగే గుణం ఉంది. గుర్రపుడెక్కకి కాడల్లో గాలి దాచుకునే గుణం ఉంది. ఈ రెంటినీ కేంద్రంలోని తొట్టెల్లో కలపగా పుట్టిన మొక్క అది. గాలి కాడల్లోనే ఉంటుందని భద్రం అనుకున్నాడు. ఆ మొక్క మాత్రం భద్రంతో చెప్పకుండా ఆ గుణాన్ని కిందికి తీసుకుపోయింది. వేరు పొడవునా నిమ్మకాయంత బుడిపెలు, ఒక్కొక్క దాన్నిండా గాలి. భద్రం ఒక బుడిపెని వదిన చెవి దగ్గర పెట్టి నొక్కాడు. టప్పుమని పేలి, వట్టివేరు వాసన గుప్పున కొట్టింది. అలాంటివి లంక కింద రెండు నిలువుల మందాన అల్లుకుని ఉన్నాయన్నాడు. అడుగున అంటుకున్న మట్టిని కోసేస్తే ఊరు తెప్పలా లేస్తుందన్నాడు. వరద పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, కోసుకుపోవడానికి మాత్రం ఏటికి చిక్కదు.

నూకరత్నం మాటలతో నమ్మే మనిషి కాదు. ముందు పెరడంత ముక్క కోయించింది. దాని మీద పంచాయతీ సభ్యులందర్నీ నిలబెట్టి, తనూ నిలబడి, మంచినీళ్ళ గ్లాసు ఒకటి మధ్యలో పెట్టించింది. పోలయ్య పంటుకి కట్టి అటూ ఇటూ లాగాడు. గ్లాసు తొణకలేదు. సభ్యుల్లో ఒకాయన తొణికాడు గానీ, ఆయన భయస్థుడని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే పంచాయతీ రెండో తీర్మానం చేసింది. ఊరంతటినీ తేల్చాలి, అధికారిని తేలే ఊళ్ళోకి పిలవాలి. చూడదగ్గదీ అదే, నిలవగలదీ అదే. మూడో తీర్మానంగా రేవులో బోర్డు పెట్టారు. తూనీగలంకకి రండి, తేలిపోండి అని దాని మీద రాయించారు. ఆ తేలిపోండి అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉందని పెయింటరు చెప్పాడు గానీ, అప్పటికే రంగు ఆరిపోయింది.

అసలు కష్టం భద్రం బరువుల చిట్టా తెచ్చిన రోజున మొదలైంది.

ఊరు తేలాలంటే బరువు తగ్గాలి. శ్లాబు ఇళ్ళు ఉండకూడదు. మొత్తం తొమ్మిది ఉన్నాయి, మొదటిది సర్పంచిదే. పదేళ్ళపాటు పంటు నడిపి పోలయ్య కట్టిన ఇల్లు. నూకరత్నం సమ్మెట మొదటి దెబ్బ తనే వేసింది. వేసి లోపలికి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోలయ్యకి ఇంటికన్నా పంటు బెంగ పట్టుకుంది. ఊరే ఒడ్డుకి జరిగి ఆగగలిగితే ఇక నా పంటు ఎవడెక్కుతాడే అని పెళ్ళాన్ని అడిగాడు.

ఇళ్ళకన్నా కష్టమైనవి కొబ్బరిచెట్లు. వాటి బరువుతో పేచీ లేదు, ఎత్తుతోనే. గాలి పడితే ఒక్కో చెట్టూ తెరచాపలా ఊరిని పక్కకి వంచుతుందని భద్రం లెక్క. మూడు వందల పన్నెండు చెట్లు కొట్టేయాలి, ఇక ముందు నాటకూడదు. తూనీగలంకలో బిడ్డ పుడితే కొబ్బరిమొక్క నాటుతారు, ఆ బిడ్డ పేరే చెట్టుకి పెడతారు. ఫలానావాడి కాయలు తియ్యన, ఫలానాదాని నీళ్ళు చప్పన అని చెట్ల మీద పెట్టి మనుషుల్ని ఆటపట్టించడం అక్కడ రోజూ ఉండేదే. ఇప్పుడు గొడ్డలి పట్టుకుని ఎవరి పేరు ముందు పిలవాలో తెలియక ఊరు ఊరంతా బిక్కచచ్చిపోయింది.

భద్రం తన చెట్టు తనే కొట్టుకున్నాడు. సూరాయమ్మ అరుగు మీద కూర్చుని చూసింది. నిన్ను పెంచడం కన్నా దాన్ని పెంచడమే సులువయ్యిందిరా, అది ఎప్పుడూ ఎదురు చెప్పలేదు అంది. పోలయ్య చెట్టునీ కొట్టనిచ్చింది. మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి దానికి వీపు ఆనించి నిలబడింది. అది నాగమణి చెట్టు. నాగమణి అన్నదమ్ములిద్దరికీ మధ్య పుట్టిన పిల్ల. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది.

గొడ్డలి పట్టిన మనుషులు సర్పంచి వంక చూశారు. నూకరత్నం వాళ్ళని పంపేసి అత్తగారి పక్కన కూలబడింది. ఈ ఒక్క చెట్టూ ఉండనిస్తే ఏమవుతుందని అంతకుముందు రోజే మరిదిని అడిగింది. ఒక్క చెట్టుతో ఏమీ కాదు వదినా, మనింట్లో వదిలితే ఊళ్ళో ఎవర్ని కొట్టమంటావు అన్నాడతను. ఆ మాట అత్తగారికి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారు.

"దాని బట్టలు ఏనాడో ఇచ్చేశాను. పలక పగిలిపోయింది. ఇదొక్కటే నా దగ్గరుంది, రత్నం," అంది సూరాయమ్మ.

"తెలుసు అత్తయ్యా."

"నువ్వడగవే. నీ నోటితో నువ్వడగవు, నాకు తెలుసు." చెట్టు పట్టుకుని లేచింది. "పోయినోళ్ళని తల్చుకోడానికైనా ఊరంటూ ఉండాలి కదా. పిలు వాళ్ళని."

చెట్టు పడింది. కొబ్బరిచెట్టు కొడితే తలలో తెల్లటి మొవ్వ ఉంటుంది. పాలలా తియ్యగా ఉంటుంది, చెట్టు చనిపోతే తప్ప మనిషికి దొరకదు. సూరాయమ్మ ఆ మొవ్వని తనే కోసి, పళ్ళెంలో పెట్టుకుని, అరవై నాలుగు ఇళ్ళకీ తిరిగి పంచింది. మా నాగమణిది, తినండమ్మా అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. ఆ రోజు తూనీగలంకలో తింటూ ఏడవని మనిషి లేడు. మర్నాటి నుంచి ఎవరి చెట్టు వాళ్ళే చూపించి కొట్టించారు, ఎవరి మొవ్వ వాళ్ళే పంచారు. వారం రోజులు పిల్లలు అన్నం మాట ఎత్తలేదు.

జ్యేష్ఠం నుంచి కోత మొదలైంది. పళ్ళున్న ఇనప తీగని లంక కింద నుంచి పోనిచ్చి, ఇటు కొస పోలయ్య పంటుకీ అటు కొస మరో పంటుకీ కట్టి, జున్నుని దారంతో కోసినట్టు ఆరు వారాలు కోశారు. కేంద్రంలో భద్రం పగలంతా తొట్టెల దగ్గర వేళ్ళ బలం చూసేవాడు, సాయంత్రం ఊళ్ళోకి వచ్చి నేల మీద చెవి ఆనించి వినేవాడు. కట్టేయడానికి రెండు తాళ్ళు. ఏట్లో ఎగువన ఒక ఇనప స్తంభం, దిగువన ఒకటి. ఎగువ వీధి కొస నుంచి ఎగువ స్తంభానికి, దిగువ వీధి కొస నుంచి దిగువ స్తంభానికి మనిషి నడుమంత లావు తాళ్ళు. వరద పెరిగితే వదలడానికి ఎగువ తాడు మిగులంతా ఒక పెద్ద చక్రానికి చుట్టి పెట్టారు. ప్రమాదం వస్తే వదిలేయడానికి తాడు మొదట్లో ఒక్కో చెక్కమేకు. ఏ తాడు వాళ్ళు ఆ తాడు దగ్గర పదిరోజులు సాధన చేశారు. మైకులో మాట వినబడగానే మేకు ఎగిరిపడాలి.

జూలై ముప్ఫయ్యో తారీకు పొద్దున్నే అధికారి వచ్చాడు. పేరు ఓబుళరెడ్డి. అనంతపురం వైపు మనిషి. తమ ఊరి ఏట్లో నీళ్ళు చూసి పదకొండేళ్ళయిందట. పంటు ఎక్కేటప్పుడు తొడుక్కున్న ప్రాణరక్షణ చొక్కా లంకలో దిగాక కూడా తీయలేదు. కాగితాల సంచీ గుండెలకి హత్తుకుని, జాగ్రత్తగా అడుగులో అడుగేసుకుంటూ పంచాయతీ ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు. బోర్డు చూసి వచ్చిన యాత్రికులు ఇరవై ఇద్దరు ఆ సరికే పాకల్లో దిగి ఉన్నారు.

ఎదురుచూస్తున్న వరద ఎనిమిదింటికి వచ్చింది. కాఫీ గ్లాసుల్లో కాఫీ కొంచెం కదిలింది. కోళ్ళు ఒక్కసారిగా మాట్లాడటం మానేశాయి. కాళ్ళ కింద నేల, చంకలో బిడ్డ సర్దుకున్నట్టు, ఒకసారి మెత్తగా కదిలి ఊరుకుంది. అంతే. ఊరు తేలింది. తర్వాత ఎవరో డప్పు అందుకున్నారు, ఇక ఆపతరం కాలేదు. నూకరత్నం వరండా స్తంభం పట్టుకుని ఒకేసారి నవ్వీ ఏడ్చీ చీర కొంగంతా తడుపుకుంది.

అరగంట గడిచింది. ఓబుళరెడ్డి ఫారం తీసి, మొదటి గడి నింపబోతూ ఆగాడు.

"ఏమ్మా, సూర్యుడు ఇటుపక్కకి వచ్చినాడే?"

నూకరత్నం చూసింది. పొద్దున వీధి గుమ్మంలో పడాల్సిన ఎండ పెరటి గుమ్మంలో పడుతోంది. ఎగువ చక్రం పట్టు జారి, చుట్టిన తాడంతా విడిపోయింది. ఊరి ముక్కు ప్రవాహంలోకి మళ్ళి, దిగువ స్తంభం చుట్టూ నెమ్మదిగా సగం చుట్టు తిరిగింది. ఎంత నెమ్మదిగా అంటే డప్పు వాయిస్తున్నవాళ్ళకి తెలియనే లేదు. ఇప్పుడు దిగువ వీధి ఏటికి ఎగువన ఉంది. ఎగువ వీధి దిగువకి పోయింది. దాని కొసన కట్టిన ఎగువ తాడు అడ్డంగా బిగిసి నేలని పక్కకి ఒంచేస్తోంది, గట్టు మీదికి నీళ్ళెక్కుతున్నాయి.

భద్రం అది చూశాడు. ప్రవాహం ఎటు పోతోందో చూశాడు, ఏ తాడు వదలాలో చూశాడు, మైకు అందుకున్నాడు. దిగువ తాడు వదలండి అని అరిచాడు.

శాస్త్రం ప్రకారం ఆ మాటలో తప్పులేదు. కానీ తూనీగలంకలో దిగువ అంటే దిగువ వీధి. దిగువ వీధివాళ్ళు అయిదు తరాలుగా దిగువ వీధివాళ్ళే. ఊరు తిరిగితే తిరగనీ, వాళ్ళ వీధి ఎందుకు మారుతుంది? మైకులో మాట ఇంకా పూర్తి కాకుండానే దిగువ వీధి కొసన చెక్కమేకు ఎగిరిపడింది. పదిరోజుల సాధన వృథా పోలేదు. ఊరి బరువంతా మోస్తున్న తాడు నీళ్ళలోకి జారిపోయింది. మిగిలిన రెండో తాడు ఒక్కక్షణం మూలిగి పటుక్కున తెగింది.

"నేను ఏటికి దిగువన్నాను వదినా," అన్నాడు భద్రం. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"వాళ్ళు ఊరికి దిగువ విన్నారు," అంది నూకరత్నం.

ఇరవై రెండెకరాల తూనీగలంక, అరవై నాలుగు ఇళ్ళతో, ఇరవై ఇద్దరు యాత్రికులతో, ఒక అధికారితో గోదావరి వెంట బయల్దేరింది. వెనకాల పోలయ్య హారను మోగించుకుంటూ పంటులో తరుముతున్నాడు.

ఓబుళరెడ్డికి పై ప్రాణాలు పైనే పోయాయి. యాడికి పోతాండాం, యాడికి పోతాండామని కనబడినవాళ్ళనల్లా అడిగాడు. నూకరత్నం ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టించింది, గట్ల దగ్గర మనుషుల్ని కాపలా పెట్టింది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పొయ్యి మీద పెట్టిన ఎసరు పొయ్యి మీదే కాగుతోంది. తాడు వదలగానే ఒరిగిన నేల సరి అయింది. భద్రం వేళ్ళు ఇరవై రెండెకరాల్నీ తొణక్కుండా మోసుకుపోతున్నాయి.

భయం ఎంతసేపు నిలుస్తుంది? పావుగంట నిలిచింది. తర్వాత పిల్లలు గట్టు మీద బారులు తీరారు. ఒడ్డున ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతున్నాయి. చాకిరేవుల్లో ఆడవాళ్ళు బట్టలు వదిలేసి ముక్కున వేలేసుకున్నారు. ఏ ఊరండీ మీది అని ఒడ్డు నుంచి అడిగితే, తూనీగలంకండీ అని ఇటునుంచి చెప్పేవాళ్ళు. ఎందాకా అంటే, తెలీదండీ అనేవాళ్ళు. నడుమ స్తంభాల్లేని తీగల వంతెన ఒకదాని కింద నుంచి పోతున్నప్పుడు పైన బస్సు ఆగిపోయి అందులోని జనమంతా చేతులూపారు. వంతెన అడుగుకీ ఊరికీ మధ్య ఉన్న ఎడం చూసుకుని, కొబ్బరిచెట్లు ఉండి ఉంటే ఏమయ్యేదో అని భద్రం లెక్కలు వేయబోతే వదిన వద్దంది. యాత్రికుల్లో ఒకామె వచ్చి, చాలా బాగుందండీ, రేపు ఎన్నింటికి బయల్దేరుతుంది అని అడిగింది.

ఓబుళరెడ్డి కూడా మెల్లగా వరండా దిగి గట్టు దాకా వచ్చాడు. కాసేపటికి ఆ ప్రాణరక్షణ చొక్కా విప్పి మడతపెట్టాడు.

సూరాయమ్మ మాత్రం వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. నూకరత్నం వెళ్ళి పక్కన కూర్చుంది. వాళ్ళు వచ్చిన వైపంతా ఒకటే నీళ్ళు. లంక ఉండిన చోటు ఏదో ఆనవాలు కూడా లేదు.

"మన వాకిలి ఎక్కడుండేదే?" అని అడిగింది ముసలామె.

నూకరత్నం చెయ్యి చాపబోయి దించేసింది. ఎటు చాపాలో ఆమెకి తెలియలేదు. ఊరిని కాపాడాననుకుంది గానీ, ఊరు పుట్టిన చోటుని తనే కోసేసింది. అక్కడికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేరు. ఆ మాట అత్తగారితో అనేసింది. సూరాయమ్మ కోడలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. మనుషులందరూ ఉన్నారుగా, కళ్ళు తుడుచుకో, ఎవరైనా చూస్తే సర్పంచి ఏడుస్తందనుకుంటారు అంది.

పదకొండు గంటలకి ఏరు మలుపు తిరిగింది. మలుపు అవతల రేవూ, రేవులో రాతి మెట్లూ, పడవలూ కనబడ్డాయి. నూకరత్నం దిగ్గున లేచి నిలబడింది. అది నేరేళ్ళరేవు. ఆమె పుట్టిల్లు. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి పోటు ఎక్కడం మొదలైంది. పైనుంచి వచ్చే వరదా కిందనుంచి ఎక్కే పోటూ ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే ఊరు నెమ్మదించింది, నెమ్మదించి మలుపులోకి ఒదిగింది. అప్పటికే ఫోన్లలో కబురందుకున్న నేరేళ్ళరేవు జనం డెబ్భై పడవలతో ఎదురొచ్చారు. దొరికిన తాడల్లా విసిరారు, రేవులోని రాతి గుంజలన్నిటికీ ఊరిని కట్టేశారు. తూనీగలంక మెట్లకి మెత్తగా తగిలి ఆగింది.

ముందు పడవలోంచి దూకింది నూకరత్నం అన్న గంగరాజు. చెల్లెల్ని చూశాడు, ఆమె వెనకాల ఇళ్ళని చూశాడు, ఆ ఇళ్ళ ముందు నిలబడ్డ సూరాయమ్మని చూశాడు.

"ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింటికి వస్తాదని తెలుసు గానమ్మా, అత్తగారినీ అత్తారి ఊరినీ కూడా ఎంటబెట్టుకొచ్చినదాన్ని నిన్నే చూశాను."

రెండు ఊళ్ళూ విరగబడి నవ్వాయి. ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదంటారు కదా, ఇప్పుడు గడపే వచ్చేసింది, ఏం చేద్దామని గంగరాజు భార్య అడిగింది. సూరాయమ్మ తేల్చేసింది. గడప దాటితేనే తప్పు, మేము దాటలేదు, అదే మమ్మల్ని దాటించింది అంది. బిందెలతో మజ్జిగ వచ్చింది. చేపలు వచ్చాయి. ఇంటి ఆడపడుచు వచ్చిందని పసుపూ కుంకుమా రవికల గుడ్డా తెచ్చి, ఒక్కదానికే పెడితే ఏం బావుంటుందని తూనీగలంక ఆడవాళ్ళందరికీ పెట్టడం మొదలెట్టారు. వెనకే వచ్చిన పోలయ్య గుక్కెడు నీళ్ళయినా తాగకముందే అతని పంటుని చుట్టుముట్టేశారు. తేలే ఊరు చూడటానికి అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళు మూడు వందల మంది వరసలో నిలబడ్డారు. ఉదయం నుంచి మొదటిసారిగా పోలయ్య నవ్వాడు.

ఈ సందడిలో ఓబుళరెడ్డి ఫారం నింపడానికి కూర్చున్నాడు. నూకరత్నం ఎదురుగా నిలబడింది. భద్రం ఆమె వెనక నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడిలాగే. చూడదగ్గదా అన్న గడి దగ్గర అధికారి కలం ఆగలేదు. చోటు చాలక వెనక పేజీకి పోయి, అక్కడా చాలక విడి కాగితం తీశాడు. రెండో గడి దగ్గర ఆగిపోయాడు. నిలవగలదా?

"అబద్ధం రాయలేనమ్మా," అన్నాడు. "మునగలేదు, ఒప్పుకుంటా. కానీ నిలవలేదు కదా. తొమ్మిది మైళ్ళు పోయినాం."

ఆ మాటకి వరండాలో మజ్జిగ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. కాదు అని రాస్తే రేపటికి ఉత్తర్వు అమలవుతుంది. భద్రం కిందికి చూశాడు. నూకరత్నానికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది, ఈసారి అది నిజంగా కదల్లేదు. కొట్టేసిన చెట్లు గుర్తొచ్చాయి, పళ్ళెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన అత్తగారు గుర్తొచ్చింది. ఊరికే ఒప్పుకోవడానికి ఆమెకి మనసు రాలేదు. ఆ ఉత్తర్వు ఆరు నెలలుగా చదివీ చదివీ ఆమెకి కంఠతా వచ్చేసింది. మనసులో మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది. నాలుగో పేరా దగ్గర ఆగింది.

"సార్, కాదనే రాసుకోండి. ఆ తర్వాత ఉత్తర్వు ఏం చెయ్యమంటంది?"

"జూలై నెలాఖరు లోపల ఆ స్థలం ఖాళీ చేయమంటాది."

"చేశామండి. ఒకరోజు ముందే చేశాం. వెళ్ళి చూసుకోండి, అక్కడ మనిషి కాదు కదా, గడ్డిపోచ కూడా లేదు." ఆమె కాగితాల సంచీ వైపు వేలు చూపించింది. "నాలుగో పేరా చూడండి. స్థలం ఖాళీ చేసి, విడిపోకుండా అంతా కలిసి తమంతట తామే వేరే చోటికి తరలిన గ్రామానికి పేరూ పంచాయతీ యథాతథంగా ఉంటాయని ఉందండి. ఊరు ఊరంతా కలిసి ఎక్కడికి పోతాదని ఆ రోజు అందరం నవ్వుకున్నాం."

ఓబుళరెడ్డి సంచీలోంచి ఉత్తర్వు తీశాడు. నాలుగో పేరా ఒకసారి చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. చదివి చదివి, చివరికి ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. పదకొండేళ్ళుగా ఎండిన ఊరి మనిషి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వు ఆపుకుంటూ ఉత్తర్వు అమలైంది అని రాశాడు. గ్రామం విడిపోకుండా తరలినది అని రాసి, దాని కింద గీత గీశాడు. భద్రం అక్కడే నేల మీద కూర్చుండిపోయి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. సూరాయమ్మ వచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసింది.

ఇంకొక్క గడి మిగిలింది. అది ఖాళీగా వదలడానికి వీల్లేదని, పైవాళ్ళు అడుగుతారని అధికారి చెప్పాడు. కలం పట్టుకుని నూకరత్నం వంక చూశాడు.

"చెప్పమ్మా సర్పంచీ. తూనీగలంక ఇప్పుడు యాడుందని రాయల్ల?"

నూకరత్నం బయటికి చూసింది. తన ఊరి ఆడవాళ్ళు తన పుట్టింటి ఆడవాళ్ళతో పసుపు పూయించుకుంటున్నారు.

"ఇవాళ్టికి మా పుట్టింట్లో ఉందని రాయండి సార్."

ఆయన అలాగే రాసి సంతకం పెట్టాడు.